కాలు కింద పెట్టనివ్వని కొడుకు

ఆ పెద్దాసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. జీతాలిచ్చే గుమాస్తా దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆమె దుప్పట్లక్క. ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్లు, దిండు గలీబులు, రోగులు తొడుక్కునే గౌన్లు మడతపెట్టి చక్రాల బండి మీద ఎత్తుగా పేర్చుకుని వార్డు వార్డుకూ చేరవేయడం, మాసినవి పోగేసుకుని కిందికి తేవడం ఆమె పని. నాలుగంతస్తుల భవనం. ఉన్న లిఫ్టులు రోగులకే చాలేవి కావు. అందుకని స్ట్రెచర్ల కోసం కట్టిన ఏటవాలు దారిలోనే బండి తోసుకుంటూ పైకీ కిందికీ తిరిగేది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరిన మనిషి, తెల్లగా నెరిసిపోయాక ఆ పని నుంచి దిగింది.

భర్త పోయేనాటికి కొడుక్కింకా మాటలు సరిగా రాలేదు. ఆ ఒక్క జీతం మీదే వాణ్ణి పెంచింది. సాయంత్రం ఇంటికి రాగానే ముందు చేసే పని, వేడినీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి, ఆ బేసిన్‌లో రెండు పాదాలూ పెట్టుకుని గోడకి చేరగిలబడటం. కళ్ళు మూసుకునేది. నోరు విప్పేది కాదు. కొడుకు ఎదురుగా కూర్చుని ఆ పాదాలకేసి చూస్తూ ఉండేవాడు. నీళ్ళలోంచి తీశాక తువ్వాలుతో తుడిచి, మడమలు నొక్కేవాడు. పగుళ్ళు వేళ్ళకు గరుగ్గా తగిలేవి.

"అమ్మా, నేను పెద్దయ్యాక నిన్ను కాలు కింద పెట్టనివ్వను," అన్నాడు ఒకనాడు.

"అయితే గాల్లో నడవమంటావా ఏంట్రా?" అని ఆమె పగలబడి నవ్వింది.

వాడు మాత్రం నవ్వలేదు. పిల్లలు ఆడుకుంటూ అనేసి మర్చిపోయే మాటలాంటిది కాదు అది.

పెద్దయ్యాక అతను కర్టెన్ల షాపులో సేల్స్‌మన్‌గా కుదురుకున్నాడు. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా నిలబడే ఉండాలి. కస్టమర్లున్నా లేకపోయినా సేల్స్‌మన్ కూర్చోకూడదన్నది యజమాని పెట్టిన నియమం. షాపు మొత్తానికి కుర్చీ ఒక్కటే, అదీ ఆయనది. మధ్యాహ్నం భోజనానికి స్టోరురూములో గుడ్డ తానుల మీద కూలబడ్డప్పుడు మాత్రం అతనికి ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఈ లోకంలో సుఖమంటే కూర్చోవడమేనని అతనికి గట్టి నమ్మకం. ఎవరు డబ్బున్నవాళ్ళ గురించి చెప్పినా, "వాళ్ళకేంటి, కూర్చుని తింటారు," అనేవాడు తప్ప మరో మాట అనేవాడు కాదు.

అలాంటి కొడుకు ఉన్న ఇంటికి దుప్పట్లక్క పని మానేసి వచ్చింది.

మొదట్లో కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. కోడలు మిషను ముందు కూర్చుని షాపువాళ్ళు పంపే కర్టెన్లు కుడుతూ ఉంటుంది. అంచు మడతలు, రింగుల పట్టీలు, ఎప్పుడూ మెడలో టేపు. అత్తగారు రావడంతో ఆ అమ్మాయికి పెద్ద దిక్కు దొరికినట్టయింది. ఒకరు కుడుతుంటే ఒకరు వంట చూసేవారు. మార్కెట్టుకు సంచి పట్టుకుని పోయేది అత్తగారే. బట్టలు ఆరేయడానికి మేడ మెట్లెక్కేది ఆవిడే. కుట్టిన కర్టెన్లు మడతపెట్టడం మొదలుపెడితే, ఎటునుంచి చూసినా అంచు అంచుకు అతుక్కున్నట్టుండేది.

"అత్తయ్యా, మీ చెయ్యి పడితే ఇస్త్రీ అక్కర్లేదు," అనేది కోడలు.

"ఎన్ని లక్షల దుప్పట్లు మడతపెట్టిన చెయ్యే ఇది! నిద్రలో కూడా మడతపెడతా. నా పక్కన పడుకుంటే నిన్ను కూడా నాలుగు మడతలు పెట్టేస్తా, జాగ్రత్త," అనేది అత్తగారు.

అత్తాకోడళ్ళ మధ్య పొద్దు ఇలా నవ్వుతూ గడిచిపోయేది. అలా గడిచిపోతే ఈ కథే లేదు.

ఒకనాడు షాపులో జనం కిటకిటలాడుతుండగా యజమాని తన కుర్చీలోంచే అందరికీ వినబడేలా అన్నాడు. "ఏమయ్యా, నిన్న మీ అమ్మగారు మార్కెట్లో కనబడ్డారు. రెండు చేతుల్లోనూ సంచులు, ఒగురుస్తూ పోతున్నారు. ఇంట్లో మగాళ్ళెవరూ లేరా?"

కస్టమర్లు ఇద్దరు అతనికేసి చూశారు. తోటి సేల్స్‌మన్ ముసిముసిగా నవ్వుకుంటూ గుడ్డ చుట్టడంలో మునిగిపోయాడు. అతనికి తల కొట్టేసినట్టయింది. చేతిలో ఉన్న గుడ్డను కొలత తప్పి కత్తిరించబోయి ఆగాడు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూనే మార్కెట్టు సంచి మేకునుంచి తీసి అటక మీదికి గిరాటేశాడు. "రేపట్నుంచి కూరగాయలు ఫోన్ చేస్తే ఇంటికే తెచ్చిపడేస్తారు. నువ్వు గడప దాటావంటే నా మీద ఒట్టే," అన్నాడు తల్లితో.

"ఏమైందిరా ఇప్పుడు?"

"ఏమైందా? ముప్పై ఏళ్ళు నిలబడ్డావు. ఇంకా చాలలేదా? ఇప్పుడన్నా కూర్చో. నన్ను నలుగురిలో తలెత్తుకోనివ్వు."

ఆ వారంలోనే వాలు కుర్చీ వచ్చింది. తోలు కుట్టిన మెత్తటిది. పక్కన ఒక పిడి. దాన్ని లాగితే కాళ్ళ కింద పలక లేచి, మనిషి సగం పడుకున్నట్టు అయిపోతుంది. దాన్ని టీవీకి ఎదురుగా, కిటికీకి ఓరగా వేయించాడు. తల్లిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు. తనే పిడి లాగాడు. పాదాలు పైకి లేచాయి. అతను ఒక అడుగు వెనక్కి వేసి ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసుకున్నాడు.

"ఎలా ఉందమ్మా?"

"పళ్ళు పీకే డాక్టరు దగ్గరికొచ్చినట్టుందిరా," అంది దుప్పట్లక్క. కానీ కొడుకు మొహం చూశాక గొంతు మార్చింది. "బావుంది నాన్నా. చాలా బావుంది."

అప్పటినుంచి అతను షాపులో తలెత్తుకుని తిరిగాడు. ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. "మా అమ్మను పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నా. మంచినీళ్ళు కూడా చేతికే. కాలు కింద పెట్టనివ్వను." యజమాని కూడా మెచ్చుకున్నాడు. కొడుకంటే అలా ఉండాలి అన్నారు కొందరు కస్టమర్లు.

ఇంట్లో సంగతి మాత్రం వేరు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో ఆమె కుర్చీలోంచి లేచేది. ఊడ్చేది, కడిగేది, మేడెక్కేది. సాయంత్రం గేటు కిర్రుమనగానే గబగబా వచ్చి కుర్చీలో పడి పిడి లాగేది. ఒక్కోసారి చేతికి సబ్బు నురగ అలాగే ఉండిపోయేది. కోడలు నవ్వు ఆపుకోలేక మిషను గట్టిగా తొక్కేది. దొంగాటలాడుకునే ఇద్దరు ఆడపిల్లల్లా ఉండేవారు.

ఓసారి షాపు వీధిలో కరెంటు పోయి, ఇక రాదని తేలి, యజమాని అందరినీ పొద్దుండగానే పంపేశాడు. అతను ఇంటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. టీవీ దానంతటదే మోగుతోంది. మేడమీద పాట వినబడింది. మెట్లెక్కి చూస్తే తల్లి, తడిసిన దుప్పటి కొసను తాడుకు చుట్టి పిండుతూ గొంతెత్తి పాడుతోంది. నుదురంతా చెమట.

అతను ఆమెను ఏమీ అనలేదు. కిందికి దిగి భార్య మీద పడ్డాడు.

"ఇదా నువ్వు చూసుకునేది? ఆవిడ దుప్పట్లు పిండుతుంటే నువ్విక్కడ కూర్చున్నావా?"

"కూర్చుని నేనేమన్నా కాలక్షేపం చేస్తున్నానా? మీ షాపు కర్టెన్లే కుడుతున్నా. అయినా ఆవిడ వద్దంటే వింటారా? ఆవిడకు అదే సరదా అండీ. తిరుగుతుంటేనే హుషారుగా ఉంటున్నారు. ఒంటికి కూడా మంచిదేగా?"

"నీకు పని తప్పుతోందిగా, మంచిదే మరి!"

మిషను ఆగిపోయింది. పైమెట్టు మీద తడి దుప్పటి గుండెలకు హత్తుకుని నిలబడ్డ అత్తగారు ఆ మాట స్పష్టంగా విన్నది. తన మూలంగా ఆ అమ్మాయి మాట పడింది. తన మూలంగా వాళ్ళిద్దరి మధ్య రాత్రి భోజనం దగ్గర కూడా మాటల్లేవు. దుప్పట్లక్క ఆ రాత్రి ఏం ఆలోచించుకుందో ఎవరికీ చెప్పలేదు. తెల్లారిన తర్వాత మాత్రం, కొడుకు వెళ్ళాక కూడా, ఆ కుర్చీలోంచి లేవలేదు.

"అత్తయ్యా, ఆయన వెళ్ళిపోయారు," అంది కోడలు.

"తెలుసమ్మా. పోనీలే, ఇవాళ్టికి ఇక్కడే ఉంటా."

ఆ 'ఇవాళ్టికి' అన్నది సంవత్సరాలు సాగింది.

టీవీ పొద్దున మొదలైతే నిద్రపోయేదాకా ఆగేది కాదు. పళ్ళెం చేతికే వచ్చేది. రిమోటు, ఫోను, మంచినీళ్ళ సీసా, కళ్ళజోడు, నొప్పుల మందు, అన్నీ చెయ్యి చాపితే అందే దూరంలో అతనే అమర్చి పెట్టాడు. బాత్‌రూముకు తప్ప లేచే అవసరం రాకుండా చూశాడు. ఎన్నడూ ఒళ్ళు చేయని మనిషి నడుం దగ్గర ఒళ్ళు చేసింది. మాటలు తగ్గాయి. జోకులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. మెట్లెక్కడం ఎప్పుడు మానేసిందో కోడలు గమనించింది కానీ, ఒకసారి పడిన మాట మళ్ళీ పడటం ఎందుకని ఊరుకుంది.

తర్వాత పాదాలు వాచాయి. సాయంత్రం షాపునుంచి వచ్చి చూస్తే చీలమండల దగ్గర వేలితో నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోయేది. అతనికి చిన్నప్పటి బేసిన్ కళ్ళముందు మెదిలింది. ఇన్నేళ్ళు నిలబడ్డ పాపం ఇప్పుడు బయటపడుతోంది అనుకున్నాడు. కాళ్ళ కింద ఇంకో దిండు పెట్టాడు. "అస్సలు దించకమ్మా," అన్నాడు. పడుకుంటే ఊపిరాడట్లేదని ఆమె అన్నప్పుడు తల కింద రెండో దిండు పెట్టాడు. ఆ తర్వాత రాత్రిళ్ళు కూడా వాలు కుర్చీలోనే నిద్రపోవడం అలవాటు చేశాడు.

"డాక్టరుకు చూపిద్దామండీ," అంది భార్య ఒకసారి.

"వయసు. విశ్రాంతి కావాలి, అంతే," అన్నాడు.

"వయసేలేమ్మా," అంది తల్లి కూడా.

ఒకనాటి పొద్దున బాత్‌రూము నుంచి కుర్చీ దాకా వచ్చే ఆ నాలుగడుగుల్లోనే ఆమె గోడ పట్టుకుని ఆగిపోయింది. ఊపిరి లోపలికి పోవడం లేదు. పెదాలు నీలంగా మారాయి. కోడలు మిషను దగ్గర్నుంచి ఒక్క పరుగున వచ్చి పట్టుకుంది. అతను అప్పుడే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. అవి వదిలేసి ఆంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఆంబులెన్సు వచ్చి వాళ్ళను తీసుకెళ్ళింది ఆ పెద్దాసుపత్రికే.

ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి, గండం గడిచిందనుకున్నాక ఆమెను పై వార్డుకు మార్చారు. ఆ పూట లిఫ్టులు పనిచేయడం లేదు. ఆయా ఒకామె చక్రాల కుర్చీలో ఏటవాలు దారిమీదుగా తోసుకుంటూ పోతుంటే అతను మందుల సంచి పట్టుకుని వెనక నడిచాడు. తల్లి గోడకేసి చూస్తోంది. గోడపొడుగునా నడుమెత్తున ఒక చార, ఎన్నో ఏళ్ళుగా బండ్ల అంచులు రాసుకుని పడ్డది.

"మలుపు దగ్గర కాస్త ఎడంగా పోనియ్యమ్మా. అక్కడ చక్రం పట్టేస్తుంది," అంది ఆయాతో, మాస్కులోంచి.

ఆ సాయంత్రం డాక్టరమ్మ అతన్ని తన గదికి పిలిచింది. ఆవిడది నడివయసు. ఎదురుగా కూర్చోమంది. అతను అలవాటు కొద్దీ నిలబడే ఉన్నాడు.

"మీ అమ్మగారి గుండె బలహీనపడింది. పంపు చేయాల్సినంత చేయలేకపోతోంది. అందుకే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కాళ్ళ వాపు కూడా దానివల్లే. బీపీ ఎక్కువుంది, షుగరూ ఉంది. ఎప్పుడన్నా చూపించారా?"

"ఈమధ్య లేదండీ."

"రోజంతా ఎలా గడుస్తుంది ఆవిడకు? లేచి తిరుగుతారా?"

ఇన్నాళ్ళకు తను బాగా చదువుకొచ్చిన ప్రశ్న అడిగినట్టు అతను వెంటనే అందుకున్నాడు. "లేదండీ. పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలోనే. ఒక్క పని చేయనివ్వం. నీళ్ళు కూడా చేతికే ఇస్తాం. కాలు కింద పెట్టనివ్వనండీ."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. అలా ఆగిన పెన్నును తర్వాత అతను ఎన్నోసార్లు తలుచుకున్నాడు.

"ఎన్నాళ్ళుగా?" అని అడిగింది చివరికి.

చెప్పాడు.

"చూడండి, అదొక్కటే కారణం అని నేను అనను. వయసుంది, బీపీ ఉంది, ఎన్నో ఉంటాయి. కానీ గంటలకు గంటలు కూర్చునే ఉండటం గుండెకు మంచిది కాదు. పెద్ద వయసువాళ్ళకు మరీను. కాళ్ళు ఆడుతుంటేనే కదా రక్తం బాగా తిరిగేది. బీపీ, షుగరు అదుపులో ఉండటానికీ అదే సాయం. పెద్ద వ్యాయామాలు చేయమనడం లేదు. మధ్యమధ్యలో లేవాలి. నాలుగడుగులు వేయాలి. తన గ్లాసు తను తెచ్చుకోవాలి. ఓపికను బట్టి చిన్నచిన్న పనులు చేసుకోవాలి. మీరు అవన్నీ..." అని ఆగి, మాట మార్చుకుంది. "మీరు ప్రేమకొద్దీ చేశారు. నాకు తెలుసు."

ఆ ప్రేమకొద్దీ అన్న మాట తిట్టినదానికన్నా ఎక్కువగా తగిలింది.

"ఇప్పుడు నడిపిస్తే మామూలుగా అయిపోతారా డాక్టరుగారూ?"

"మందులతో, నడకతో, ఉప్పు తగ్గించి తినడంతో ఇప్పుడున్నదానికన్నా బావుంటారు. కానీ తొందరపడొద్దు, మేం చెప్పినంతే నడిపించండి. పోయిన బలం మొత్తం తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను."

బయటికొచ్చి వార్డు వరండాలో గోడకానుకుని నిలబడ్డాడు. అప్పుడే పెద్ద నర్సు ఒకామె అటుగా వస్తూ ఆగింది. "నువ్వు దుప్పట్లక్క కొడుకువి కదూ? అచ్చం ఆ ముక్కే," అంది. "అక్కను అలా చూస్తానని ఎప్పుడూ అనుకోలేదయ్యా. ఏం మనిషి! ఈ ఏటవాలు దారిలో కిందికి వచ్చేటప్పుడు బండి వెనక పలక మీదికెక్కేసి, చిన్నపిల్లలా జర్రున జారుకుంటూ వచ్చేది. ఒకసారి పెద్ద డాక్టరు ఎదురొచ్చాడు. గోడకు అతుక్కుపోయి దారిచ్చాడు పాపం!"

అతను గోడ వదిలి ఆమెకు దగ్గరగా జరిగాడు.

"పిల్లల వార్డు తన దారిలో లేకపోయినా చుట్టూ తిరిగి అటే పోయేది. దుప్పటి తలమీద కప్పుకుని దెయ్యం ఆటాడించేది వాళ్ళతో. ఆపరేషనుకు భయపడి ఏడ్చే పిల్లలుంటే మా సిస్టర్లే 'మమ్మల్ని కాదు, దుప్పట్లక్కను పిలవండి' అనేవాళ్ళు. రిటైరయ్యే రోజున ఏడ్చింది చూడు... ఇంటికిపోయి నేనేం చెయ్యనే, కాళ్ళు ఊరుకోవే అంటూ ఏడ్చింది. నీతో చెప్పలేదా?"

"లేదండీ," అన్నాడు.

చెప్పలేదు. అడగనూ లేదు. అతను చూసింది సాయంత్రాల్ని మాత్రమే. గుమ్మంలోకి వచ్చి పడే అలిసిన పాదాల్ని, మూసుకున్న కళ్ళను. ఆ పాదాలు పగలంతా ఎక్కడెక్కడ తిరిగాయో, ఏం చేశాయో, ఎవరిని నవ్వించాయో అతనికి తెలియదు. సాయంత్రపు అలసటే తల్లి బతుకు మొత్తం అనుకున్నాడు. దాన్ని తప్పించడమే కొడుకు ధర్మమనుకున్నాడు. తప్పించాడు. దాంతోపాటు మిగతాదీ పోయింది.

భార్య మెట్ల దగ్గర ఫ్లాస్కు పట్టుకుని ఎదురైంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు ఆ రోజు చెప్పావు. ఒంటికి మంచిదని," అన్నాడు.

"చెప్పాను."

"నేను వినలేదు."

"వినకపోవడం కాదు. నన్ను పనిదొంగను చేశారు," అందామె. కోపంగా అనలేదు. "తర్వాత నాకూ రోషం వచ్చింది. ఆవిడ మెట్లెక్కలేకపోవడం చూసి కూడా, నాకెందుకులే, కొడుకూ తల్లీ చూసుకుంటారులే అనుకున్నా. నేను గట్టిగా అని ఉండాల్సింది. ఆ తప్పు నాదీ." అతనేదో చెప్పబోయాడు. "ఇప్పుడొద్దండీ. టీ చల్లారిపోతుంది. అత్తయ్యకు ఇచ్చి రండి," అని ఫ్లాస్కు చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంది.

తల్లి మంచంమీద చేరగిలబడి ఉంది. పక్క మంచం మీది దుప్పటిని చూస్తోంది. "మూలలు సరిగా దోపలేదు. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు," అంది సన్నగా.

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా, నీకు ఈ పని ఇష్టమా?"

"ఏ పని?"

"ఇక్కడ చేసిన పని."

"కాళ్ళు పీక్కుపోయేవి," అంది. తర్వాత కొంచెంసేపటికి, "ఇష్టమేరా. చచ్చేంత ఇష్టం. అదేం ప్రశ్న?"

"మరి నాతో ఎప్పుడూ అనలేదే?"

"ఇంటికొచ్చేసరికి నోట్లోంచి మాట వచ్చే ఓపిక ఉండేదా? ఇంతలో నువ్వు పాదాలు పట్టుకునేవాడివి. హాయిగా ఉండేది. మాట్లాడితే ఎక్కడ వదిలేస్తావో అని ఊరుకునేదాన్ని."

అతను తలవంచుకున్నాడు. "కుర్చీలో కూర్చోమన్నప్పుడైనా గొడవపడాల్సింది కదమ్మా. నన్ను నాలుగు తిట్టాల్సింది."

"తిడదామనే అనుకున్నా. ఆ పిడి లాగి నువ్వు వెనక్కి జరిగి చూశావు చూడు, ఆ మొహం చూశాక ఎలా తిట్టనురా? ఎన్నాళ్ళనుంచి మోస్తున్నావో ఆ కోరిక. పైగా నేను లేస్తే ఆ పిల్లకు మాటలు. పోనీ కూర్చుంటే పోయేదేముంది అనుకున్నా." ఆగి ఊపిరి తీసుకుంది. "నాకేం తెలుసు, కూర్చుంటే కూడా పోతుందని."

వారం తర్వాత ఇంటికి తెచ్చుకున్నారు. అతను వాలు కుర్చీని ఎవరికో ఇచ్చేద్దామన్నాడు. "నీకేమన్నా పిచ్చా? అలిసిపోయినప్పుడు ఎక్కడ కూర్చోవాలి?" అని తల్లి కసిరింది. అది అక్కడే ఉంది. టీవీని మాత్రం వేరే గదిలోకి మార్చారు, చూడాలంటే లేచి వెళ్ళాలని. నీళ్ళ కూజా వంటింట్లోకి పోయింది. కోడలు మడతపెట్టాల్సిన కర్టెన్లను బల్లమీద పెట్టి, "అత్తయ్యా, నాలుగు మడతపెట్టరూ, నిలబడి," అని అడగడం మొదలుపెట్టింది. మొదట్లో రెండు మడతపెట్టేసరికే చేతులు వణికేవి. ఆ పిల్ల చూడనట్టు మిషనుకేసి తిరిగి, మిగతావి తనే పెట్టుకునేది.

డాక్టరమ్మ సరేనన్నాక నడక మొదలైంది. మొదటి రోజున అతనికి అర్థమైంది, తల్లికి భయం పట్టుకుందని. దుప్పట్ల కొండను ఏటవాలు మీద తోసిన మనిషి, గేటు ముందున్న చిన్న మెట్టు దిగడానికి అతని మోచెయ్యి పట్టుకుని పాదంతో నేలను తడిమింది. "నా కాళ్ళే, నా మాట వినట్లేదు చూడు," అంది నవ్వబోతూ. అతనికి ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే ఆవిడే తనను ఓదార్చాల్సి వస్తుందని గట్టిగా మింగేశాడు.

మందులు పడ్డాయి. కాళ్ళవాపు తీసింది. రాత్రిళ్ళు మంచం మీదే పడుకోగలుగుతోంది. గేటు దాకా, పక్కింటి గోడ దాకా, కొన్నాళ్ళకు వీధి మలుపు దాకా పోగలిగారు. అక్కడికి మించి దూరం పెరగలేదు. తర్వాతి పరీక్షల్లో డాక్టరమ్మ కాగితాలు చూసి, "దిగజారలేదు. అదే సంతోషం. ఇలాగే కొనసాగించండి," అంది. ఇంకా బాగుపడుతుందా అని అడగడం అతను మానేశాడు. మేడమెట్లు ఆమె మళ్ళీ ఎక్కలేదు.

షాపులో అతను ఇప్పుడు తల్లి గురించి ఎవరికీ ఏమీ చెప్పడు. యజమాని ఓసారి, "మీ అమ్మగారిని వీధిలో నడిపిస్తున్నావట, పాపం, ఈ వయసులో," అన్నాడు. ఇదివరకైతే ఆ ఒక్క మాటకు వారం రోజులు కుమిలిపోయేవాడు. "అవునండీ, నడిపిస్తున్నాను," అని నిచ్చెనెక్కి పై అరలోంచి గుడ్డ తాను దించుకున్నాడు. ఈ జవాబు అప్పుడే, ఆ మార్కెట్టు సంచి నాడే ఇచ్చి ఉంటే ఎంత బావుండేదో అని ఆ సాయంత్రమంతా అనుకుంటూనే ఉన్నాడు.

పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఇద్దరూ బయల్దేరతారు. నడుస్తూ ఆమె ఆసుపత్రి కబుర్లు చెబుతుంది. ఒక్కో ఊపిరికి ఒక్కో ముక్క. మాసిన దుప్పట్ల కుప్పలో కట్టుడు పళ్ళు దొరికిన సంగతి, ఆ పళ్ళు ఎవరివో తెలియక ఇద్దరు ముసలాళ్ళు నావంటే నావని పోట్లాడుకున్న సంగతి. ఇలాంటివి ఆమె దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. తల్లి ఊపిరి నిండుగా ఉన్న సంవత్సరాల్లో, వేలకొద్దీ మాటలు గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగిన రోజుల్లో, తను ఆమెను టీవీకి ఎదురుగా కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు అతను అడుగుతాడు, ఆమె చెబుతుంది, కానీ వీధి మలుపు వచ్చేసరికి అయిపోతుంది.

మొన్న ఒక పొద్దున, పిల్లల వార్డులో తప్పిపోయిన పిల్లాడి గురించి చెబుతోంది. అందరూ వెతుకుతుంటే వాడు తన బండిలోనే, శుభ్రమైన దుప్పట్ల మధ్య దూరి నిద్రపోయాడట. "నేను బండి తోస్తున్నానా... ఏంటివాళ బరువెక్కువుంది అనుకుంటున్నానా... అప్పుడు..." అని ఆగింది. నడక ఆపింది. అతని మోచేతి మీద ఆమె పట్టు బిగిసింది. పక్కనుంచి స్కూలు బస్సు ఒకటి పోయింది. ఎవరో షట్టరు ఎత్తుతున్నారు.

అప్పుడేమైందని అతను అడగలేదు. ఎండ కళ్ళలో పడకుండా తను కాస్త పక్కకు జరిగి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె ఊపిరి మెల్లమెల్లగా కుదురుకునేదాకా, మళ్ళీ తనంతట తనే అడుగు వేసేదాకా, తొందరపెట్టకుండా అలాగే ఉండిపోయాడు.